బుధుడు సూర్యుణ్ణి దాటే మధ్యాహ్నం

2012 జూన్ 6న సూర్యుడి మీదుగా శుక్రుడు దాటినప్పుడు గ్రహణం కళ్లద్దాలే సరిపోయాయి. 2032 నవంబరు 13న బుధుడి వంతు. మనకు మధ్యాహ్నం సుమారు 12:10కి మొదలై 4:37 దాకా సాగుతుంది. ఈసారి కళ్లద్దాలతో ఏమీ కనిపించదు, బుధుడి చుక్క సూర్యబింబం వెడల్పులో 190వ వంతు కూడా ఉండదు మరి. టెలిస్కోపు తప్పదు. అసలు భయమూ దానితోనే.

సోలార్ ఫిల్టరు టెలిస్కోపు ముందు మూతికే బిగించాలి. కన్ను పెట్టే చోట బిగించమని కొన్ని చవక టెలిస్కోపులతో నల్ల గాజు బిళ్ల ఇస్తారు. దాన్ని పారేయండి. లోపల కుప్పపడిన ఎండ వేడికి అది పగిలిందంటే రెప్ప వాల్చే వ్యవధి కూడా ఉండదు. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని టెలిస్కోపులోకి చూడటమూ అంతే ప్రమాదం. ఎక్స్‌రే ఫిల్ము, మసి గాజు, పళ్లెంలో పసుపు నీళ్లు ఎటూ పనికిరావు. రెటీనాకు నొప్పి తెలియదు, ‘నాకేమీ కాలేదు’ అనే పెద్దమనుషులను నమ్మకండి.

2016 మే 9 సాయంత్రం మేడ మీద ఇదే బుధుణ్ణి చూస్తూ మేము పెద్ద గొట్టానికి ఫిల్టరు శ్రద్ధగా కట్టాం, పక్కనున్న ఫైండరును, అంటే గురి చూసే చిన్న గొట్టాన్ని, మరిచాం. కాసేపటికి నూలు కాలిన వాసన. చూస్తే నా చొక్కా భుజాన మిరియపు గింజంత నల్లటి చిల్లు. ఆ ఎత్తులోనే పక్కింటి పిల్లవాడి ముఖం ఉంది. అప్పటినుంచి ముందు ఫైండరుకు మూత, ఆ తరువాతే మిగతా పని. సూర్యుడి వైపు తిప్పడానికి నేల మీద గొట్టం నీడ చూస్తే చాలు. అది బాగా కురచై గుండ్రంగా మారితే గురి కుదిరినట్టే.

ముందురోజు రాత్రి ఫిల్టరును బల్బుకు అడ్డుపెట్టి చూడండి, సూదిమొన అంత వెలుగు కనిపించినా వాడకండి. మేడ మీద గాలికి ఊడకుండా అంచుల చుట్టూ టేపు వేయండి. టెలిస్కోపును ఒంటరిగా వదిలి భోజనానికి వెళ్లకండి.

ఫొటోలకూ కెమెరా లెన్సు ముందు ఫిల్టరు ఉండాల్సిందే. ఫిల్టరు ఫిల్ము వెలుగును ఎంతగా ఆపుతుందో దాని సాంద్రత చెబుతుంది: 3.8 సాంద్రత గలది ఫొటోలకు మాత్రమే, కంటికి 5.0 కావాలి. 1000 మిల్లీమీటర్ల లెన్సుతో సెన్సరు మీద సూర్యుడు 9 మిల్లీమీటర్లుంటాడు, బుధుడు మిల్లీమీటరులో 20వ వంతే. అందుకే ఫోకస్ సూర్యుడి అంచు మీద చేత్తో కుదుర్చుకోండి. ఎండకు కాలిన మేడ కన్నా పచ్చిక నేల మేలు, బింబం తక్కువగా వణుకుతుంది. సూర్యమచ్చను చూసి బుధుడని సంబరపడకండి: మచ్చ అంచు మసకగా ఉంటుంది, బుధుడు నల్లగా, గుండ్రంగా ఉండి పావుగంటలో చోటు మారుతాడు.

నవంబరు కోస్తాలో తుపానుల నెల. మబ్బు కమ్మితే 2039 నవంబరు 7న మళ్లీ మధ్యాహ్నమే వస్తాడు.