స్టూడియో బొమ్మను చదవడం ఎలా: వెర్మీర్ ‘చిత్రకళ’

చిత్రకారుడు, మోడల్ ఇద్దరూ ఉన్న బొమ్మ కనపడగానే చూపు మోడల్ మొహం మీదికి పోతుంది. అక్కడ మొదలుపెడితే వీళ్ళిద్దరికీ ఏమిటి సంబంధం అన్న ఊహలోకి జారిపోతాం. ముందు ఈజిల్ (కాన్వాసును నిలబెట్టే చట్రం) చూడండి.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊరి చిత్రకారుడు వెర్మీర్ 1666–68 ప్రాంతంలో వేసిన ‘చిత్రకళ’నే తీసుకుందాం. 120 × 100 సెం.మీ. ఉండే ఈ బొమ్మ వియన్నాలోని కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో ఉంది. పెద్ద ఫొటో తెరిచి ఈజిల్ దగ్గర జూమ్ చేయండి. కాన్వాసు మీద అమ్మాయి ఆకారం తెల్ల గీతల్లోనే ఉంది. రంగు పడింది ఒక్కచోటే, తలమీది ఆకుల దండకి. మొహం ఇంకా లేదు! ఆమె ఎవరన్నదానికన్నా ఆ దండ ముఖ్యమని చిత్రకారుడే చెప్పేశాడు.

ఇప్పుడు మోడల్ వైపు తిరగండి. దండ, బాకా, లావుపాటి పుస్తకం: మూడూ కలిస్తేనే ఆమె గ్రీకు పురాణాల్లో చరిత్రకు అధిదేవత క్లియో. అప్పటి చిత్రకారులు చూసుకునే ప్రతీకల పుస్తకం, ఇటలీ రచయిత రిపా ‘ఐకనోలోజియా’లో క్లియోకి చెప్పిన గుర్తులివే. బాకా ఒక్కటే చూసి తేల్చేస్తే పొరబడతారు, కీర్తిదేవత చేతిలోనూ బాకా ఉంటుంది.

తర్వాత, నిజం స్టూడియోలో ఉండనివి వెతకండి. చిత్రకారుడి చీలికల నల్ల కోటు అప్పటికే పాతకాలపుది. రంగుల పలక కనపడదు. షాండ్లియర్‌లో కొవ్వొత్తులు లేవు. కాబట్టి దీన్ని వెర్మీర్ రోజువారీ పనికి ఫొటోలా చదవకూడదు. వీపు మాత్రమే కనిపించే ఆ మనిషిని వెర్మీరే అనడానికీ ఆధారం లేదు.

గోడ మీది మ్యాపులో నెదర్లాండ్స్ 17 ప్రాంతాలున్నాయి. పడమర పైకి ఉంటుంది, అంటే ఉత్తరం కుడివైపు. నడిమి మడత ఆ ప్రాంతాలు ఉత్తర, దక్షిణ భాగాలుగా రాజకీయంగా చీలిపోవడానికి గుర్తని కొందరంటారు. మడత కళ్ళెదుటే ఉంది, అర్థం మాత్రం ఊహ. చదివేటప్పుడు ఈ రెంటినీ కలపకండి.

బొమ్మ బయటి కాగితాలు చివర్లో చూడండి. వెర్మీర్ 1675లో పోయాడు. అప్పులవాళ్ళ చేతికి చిక్కకుండా 1676లో భార్య దీన్ని తన తల్లి పేరుకు మార్చింది. ఆ పత్రంలో ఉన్న పేరు కూడా ‘చిత్రకళ’ అనే. ఇక సంతకం కావాలంటే క్లియో మెడ పక్కన, మ్యాపు మీద వెతకండి.