గురుగ్రహం లోపలి మిగులు వేడిని లెక్కకట్టడం ఎలా?

గురుడు సూర్యుడి నుంచి తీసుకున్నదానికి రెట్టింపు వేడిని బయటికి వదులుతున్నాడు. ఎందుకని అడగ్గానే "లోపల ఫ్యూజన్ జరుగుతోంది" (సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాలు కలిసిపోయి వేడి పుడుతోంది) అనేస్తారు. వినీ వినీ విసుగొచ్చింది. ముందు లెక్క, తర్వాతే కారణం. కాగితం, కాలిక్యులేటర్ చాలు.

1. భూమి దగ్గర చదరపు మీటరుకు 1361 వాట్ల ఎండ పడుతుంది. గురుడు 5.2 రెట్ల దూరంలో ఉన్నాడు కాబట్టి 5.2 వర్గంతో భాగించండి. గ్రహం గోళం కాబట్టి మళ్లీ 4తో భాగించండి. 12.6 వాట్లు వస్తుంది.

2. ఇన్‌ఫ్రారెడ్‌లో కొలిచిన ఉష్ణోగ్రత సుమారు 125 కెల్విన్. స్టీఫాన్-బోల్ట్‌జ్‌మన్ సూత్రంలో (5.67 × 10⁻⁸ × ఉష్ణోగ్రత నాలుగో ఘాతం) వేస్తే చదరపు మీటరు నుంచి బయటికి పోయేది దాదాపు 14 వాట్లు. వాట్లలోనే ఉంచండి. "ఇన్ని రెట్లు" అని రాస్తే తప్పు ఎక్కడుందో దొరకదు.

3. ఇక మేఘాలు తిప్పికొట్టే వెలుగు తీసేయాలి. చాలామంది బోల్తా కొట్టేది ఇక్కడే. పుస్తకంలో ఆల్బెడో (పడిన వెలుగులో తిరిగిపోయే వంతు) అని కనిపించిన మొదటి అంకె వేసేస్తారు. అది ఎదురుగా నిలబడి చూసినప్పటి మెరుపు, అంటే జామెట్రిక్ ఆల్బెడో. మనకు కావాల్సింది అన్ని దిక్కులకూ, అన్ని రంగుల్లోనూ పోయే వెలుగు మొత్తం, అంటే బాండ్ ఆల్బెడో. భూమి నుంచి చూస్తే గురుడు ఎప్పుడూ దాదాపు నిండుగానే కనిపిస్తాడు, నెలవంకలా కనిపించడు. అందుకే పక్కనుంచి చూడ్డానికి నౌక వెళ్లాల్సిందే. వాయేజర్ నౌక కొలతల్లో ఈ బాండ్ ఆల్బెడో 0.34. కాసినీ నౌక కొలతలతో 2018లో 0.50కి పెరిగింది. దాంతో మన మోటు లెక్కలో (12.6లో తిరిగిపోగా మిగిలినదాన్ని 14లోంచి తీసేస్తే) మిగులు 5.7 వాట్ల నుంచి 7.7కి ఎగబాకింది. గ్రహం మాత్రం అదే!

గురుడి విషయంలో కొత్త కొలత ప్రకారం రెండు ఆల్బెడోలూ అటూ ఇటూగా 0.5 కాబట్టి తప్పు చేసినా బయటపడదు. యురేనస్‌తో చేసి చూడండి. వాయేజర్ 2 ఇచ్చిన 0.30 వేస్తే మిగులు, తీసుకున్న వేడిలో దాదాపు 7 శాతం. జామెట్రిక్ 0.5 వేస్తే 50 శాతం! 2025 నాటి కొత్త లెక్కలు 12–15 శాతం దగ్గర ఉన్నాయి.

4. కారణాలు. పుట్టినప్పటి వేడి, మెల్లగా కుంచించుకుపోవడం: గురుడికి చాలావరకు ఇవే సరిపోతాయి. శనికి చాలవు. అక్కడ హీలియం చినుకులై లోపలికి దిగుతూ వేడి పుట్టిస్తోందని అంచనా. గురుడిలోనూ కొంత ఇదే జరుగుతున్నట్టుంది. 1995లో గురుడి వాతావరణంలోకి దిగిన గెలీలియో ప్రోబ్ అక్కడ నియాన్ వాయువు బాగా తక్కువగా ఉందని చూసింది, నియాన్ హీలియం చినుకుల్లో కరిగి వాటితోపాటే లోపలికి దిగిపోతుంది మరి. ఫ్యూజన్ కొట్టేయండి. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఫ్యూజన్‌లో మండాలన్నా సుమారు 13 గురుగ్రహాల బరువు కావాలి.

నక్షత్రానికి అతుక్కుని తిరిగే హెచ్‌డీ 209458 బీ లాంటి గ్రహాలకు ఈ పద్ధతి పనికిరాదు. పైన పడే ఎండలో లోపలి మిగులు కలిసిపోతుంది. అక్కడ గ్రహం ఎంత ఉబ్బిందో చూసి వేడిని అంచనా కట్టాలి.