ఏజెంట్ల చేతికి టూల్ వెళ్లే ముందు డాక్స్‌లో చూసుకోవాల్సినవి

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఈ వారం రిలీజ్ టెన్షన్‌లో ఉన్నవాళ్ల కోసం. ఏజెంట్ అంటే ఇక్కడ డాక్స్ చదివి సొంతంగా కమాండ్లు నడిపే ఏఐ.

– వెనక్కి తీసుకోలేని కమాండ్ అయితే ఆ మాట దాని పక్కనే రాయండి. పేజీ చివర ఎర్ర డబ్బాలో పెడితే చాలదు, ఏజెంట్ ఆ ఒక్క ముక్కే తెచ్చుకుని చదవొచ్చు. "పాత డేటా శుభ్రం చేస్తుంది" అంటే నిశ్చింతగా నడిపేస్తుంది. "టేబుల్ మొత్తం పోతుంది, ముందు డ్రై రన్ చేయండి" అనండి (డ్రై రన్ అంటే ఏదీ మార్చకుండా, ఏం జరుగుతుందో మాత్రం చూపించే ట్రయల్). ఎంసీపీ సర్వర్ (ఏజెంట్లకు టూల్స్ అందించే ప్రామాణిక పద్ధతి) అయితే డిస్ట్రక్టివ్ హింట్ (ఈ టూల్ డేటాను చెరిపేయొచ్చు అని చెప్పే గుర్తు) కూడా పెట్టండి. కానీ అది సూచనే, అసలు అడ్డు పర్మిషన్లలోనే ఉండాలి.

– ఉదాహరణల్లో అసలు కీలు (పాస్‌వర్డ్ లాంటివి), ప్రొడక్షన్ (నిజంగా వాడకంలో ఉన్న సిస్టమ్) అడ్రస్‌లు వద్దు. ఏజెంట్ ఉన్నదున్నట్టు కాపీ కొడుతుంది.

– "అవునా, కాదా" అని అడిగి ఆగే కమాండ్లకు, అడగకుండా నడిపించే ఫ్లాగ్ (కమాండ్‌తో పాటు ఇచ్చే ఆప్షన్) ఏదో చెప్పండి. లేకపోతే పని అక్కడే ఇరుక్కుంటుంది.

– కమాండ్ ఫెయిలైనా ఎగ్జిట్ కోడ్ (ముగిశాక అది తిరిగిచ్చే అంకె) 0 వస్తోందా? డాక్స్ సంగతి తర్వాత, ముందు టూల్ ప్రోగ్రామ్‌నే సరిచేయండి. 0 అంటే పని అయిపోయినట్టే లెక్క.

– తీసేసిన ఫ్లాగుల పేర్లు, వాటి బదులు ఏవి వాడాలో, ఏ వెర్షన్ నుంచో రాయండి. మోడల్ ట్రైనింగ్‌లో చూసినవి పాతవి కావచ్చు.

– చివరగా ఏజెంట్‌తో కొత్త సెషన్ తెరిచి, డాక్స్ మాత్రమే ఇచ్చి, టెస్ట్ డేటాబేస్ మీద ఒక పని చేయించండి. అది ఎక్కడ ఊహించుకుంటే ఆ పేరా తిరగరాయండి.