మానసిక చికిత్సలో ఉన్నవారి ఇంట అప్పులను ఎదుర్కోవడం ఎలా?

మానసిక చికిత్స పొందుతున్నవారి ఇంట్లో డబ్బుకు కటకట వస్తే మొదట కోత పడేది మందులకే. వాయిదా తప్పితే ఫైనాన్సు వాళ్లు గుమ్మంలోకి వస్తారు, మాత్ర మానేస్తే ఆ పూటకు అడిగేవారుండరు. అందుకే రోజుకు రెండు వేసుకోవలసినవారు ఒకటే వేసుకుని, నెలకు సరిపడే మాత్రలను రెండు నెలలకు సాగదీస్తారు. జబ్బు తిరగబెడితే రోగి కూలితో పాటు తోడుండేవారి కూలీ పోయి, పాత బాకీ మీద కొత్త అప్పు చేరుతుంది. కాబట్టి ఏ వాయిదా ఆగినా మందు మాత్రం ఆగకూడదు.

దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వ సంస్థల్లో మానసిక చికిత్స ఉచితంగా అందాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఎర్రగడ్డ, విశాఖల్లోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు దూరమైతే దగ్గరలో చికిత్స ఎక్కడ దొరుకుతుందో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. అప్పుల బాధతో చనిపోతానన్న మాట వినబడితే మాత్రం ఆలస్యం చేయకుండా అదే నంబరుకు ఫోన్ చేసి, వైద్యునికీ అదే రోజు చెప్పాలి.

తరువాత ఒక నోటు పుస్తకంలో ఎవరికి ఎంత బాకీ, వడ్డీ ఎంత, తాకట్టు ఏముందో రాసుకోవాలి. బ్యాంకుకు నోటిమాటగా కాక, వైద్యుని లేఖ జతచేసి, వాయిదాలను తగ్గించి గడువు పెంచమని అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. జబ్బు వివరాలన్నీ చెప్పనక్కరలేదు. చికిత్స జరుగుతోందని, ఆదాయం తగ్గిందని ఉంటే చాలు. బ్యాంకుల వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోన్ చేయకూడదు; మైక్రోఫైనాన్సు అప్పులకైతే ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. బ్యాంకుకు చేసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఇలాంటి ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

అన్నిటికంటే చిక్కైనవి, ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బులో ఉద్రేకం పెరిగిన రోజుల్లో చేసిన అప్పులు. తాను చేస్తున్నదేమిటో, దానివల్ల తనకు మేలో కీడో తెలుసుకోలేని స్థితిలో చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఆధారంగా వాదించవచ్చు. అయితే జబ్బు ఉందన్న ఒక్క మాటతో కోర్టు ఒప్పుకోదు, సంతకం చేసిన నాటి స్థితికి రుజువు కావాలి. ఓపీ చీటీలు, డిశ్చార్జి కాగితాలు తేదీల వారీగా దాచుకోవలసింది ఇందుకే. మానసిక రుగ్మత ఉన్నవారికి న్యాయసేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది. 15100కు ఫోన్ చేయాలి.

వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉంటే వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్‌తో పింఛనుకూ దరఖాస్తు చేయవచ్చు.

ఆరోగ్యం కుదుటపడ్డాక రోగిని కూర్చోబెట్టుకుని, ఏటీఎం కార్డు లాక్కోవడం వంటి అవమానాలు లేకుండా, లోన్ యాప్‌లు తీసేయడం, ఫోన్ చెల్లింపుల పరిమితి తగ్గించడం, పెద్ద మొత్తాలను జాయింటు ఖాతాలో ఉంచడం వంటివి ఆయన ఒప్పుదలతోనే నిర్ణయించుకోవాలి.