సింకు దగ్గర మైండ్‌ఫుల్‌నెస్

10 రోజుల విపస్సనా ధ్యానం కోర్సుకి వెళ్తే దాదాపు అన్ని రోజులూ మౌనంగా ఉండాలి, అన్ని సెలవులు మనకెవరిస్తారు చెప్పండి, అందుకే నేను మైండ్‌ఫుల్‌నెస్, అంటే చేస్తున్న పని మీదే ధ్యాస ఉంచడం, గిన్నెలు తోముతూనే మొదలెట్టా. ఫోన్ వేరే గదిలో పడేయండి. నీళ్ల చల్లదనం, పీచు గరగర, అడుగంటిన పాలగిన్నె, వీటి మీదే ధ్యాస పెట్టండి, మధ్యలో మేనేజర్ అన్న మాట గుర్తొస్తుంది, గ్యారంటీగా వస్తుంది, అప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా "ఆ, మళ్లీ అదే" అనుకుని చేతుల దగ్గరకి వచ్చేయండి. వందసార్లు పోతే వందసార్లు తెచ్చుకోవడమే ప్రాక్టీస్, మనసు ఖాళీ అవ్వక్కర్లేదు.

మనల్ని మనం ఉన్నట్టుగా ఒప్పుకోవడం ఇంకా కష్టం. మొన్న ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేసేశా, వెంటనే లోపల "నీకేదీ చేతకాదు" అని మొదలైంది. ఇదే మా చెల్లి చేస్తే ఏమంటా? "పోన్లేవే, పెరుగేసుకుని తినేద్దాం" అంటా. అదే మాట పైకే చెప్పుకున్నా, కొంచెం సిగ్గేసింది గానీ ఉప్మా మాత్రం అయిపోయింది.