ఇత్తడి ఎర్రబడింది, స్టీలు అతుకు తుప్పు పట్టింది: ఏ లోహం పోయిందో చూడండి

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు మిర్యాలగూడలోని మా వెల్డింగ్ షాపుకు ఇత్తడి తాంబాలాలు వస్తాయి. "తోమితే ఎర్రగైంది, ఏదన్నా చెయ్యి బిడ్డా" అంటారు పెద్దమ్మలు. అదే వారం రైస్ మిల్లు నుంచి ఫోను: "మొన్న కట్టిన స్టీలు ట్యాంకుకు అతుకుల పొంటి తుప్పొచ్చింది." ఈ రెండు జబ్బులకూ మూలం ఒక్కటే. మిశ్రమ లోహం పైపొర నుంచి ఒక లోహం వెళ్లిపోయింది, ఇంకోటి మిగిలింది.

ఇత్తడి గులాబీ రంగుకు తిరిగింది

ఇత్తడి అంటే రాగి, జింకు. బాత్రూం యాసిడ్‌లో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే రాగి కంటే ముందు జింకు కరిగిపోతుంది. కరిగిన కొద్దిపాటి రాగి కూడా తిరిగొచ్చి పైన పేరుకుంటుంది. అందుకే ఆ ఎరుపును మరక అనుకోవద్దు, అది రాగే. చింతపండు పులుపు మెత్తనిది, నల్లపొరను తీసి ఊరుకుంటుంది. అట్లని రాత్రంతా నానబెట్టొద్దు.

ముందు రూపాయి బిళ్లంత జాగాలో ఇటుక పొడితో గట్టిగా రుద్దండి. పసుపు తేలితే దెబ్బ పైపైనే, మొత్తం అట్లనే తోమి, కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. ఎంత రుద్దినా ఎరుపే ఉండి, గిన్నె మీద కొడితే మొద్దు చప్పుడు వచ్చి, నీరు చెమ్మగిల్లుతుంటే జింకు లోపలిదాకా పోయినట్టే. మిగిలింది స్పంజిలాంటి రాగి. దానికి మాటు వేయించి డబ్బులు పారేసుకోవద్దు.

ఇత్తడి బిందె అంచు దానంతటదే చీలింది

పశువుల కొట్టం పక్కన పెట్టారా? మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ కలిస్తే సుత్తిదెబ్బలతో బిగుసుకున్న ఇత్తడి పగులుతుంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలో వానాకాలం గుర్రపు శాలల్లో దాచిన ఇత్తడి తూటాలు ఇట్లనే చీలాయి. బిందె జాగా మార్చండి. చీలిక మాత్రం అతకదు.

స్టీలు అతుకు పొంటి తుప్పు

దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మొదట్లో నేనూ తప్పు చేశాను. 304 అనే రకం స్టెయిన్‌లెస్ స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం అనే లోహం ఉంటుంది, తుప్పును ఆపేది అదే. వెల్డింగ్ వేడికి పైన నీలం, గోధుమ రంగు పొర వస్తుంది. ఆ పొరలోకి క్రోమియం చేరిపోవడంతో దాని కింది లోహం బీదదవుతుంది. నేను మామూలు ఇనుప బ్రష్‌తో ఆ రంగు గీకాను. మెరిసింది, నాలుగు రోజులకే తుప్పు పట్టింది. బీదపొర అక్కడే ఉంది, పైగా బ్రష్ ఇనుము కూడా అంటుకుంది.

పరిష్కారం: పిక్లింగ్ పేస్టుతో రంగుపొరను, కింది బీదపొరను కలిపి తీసేయాలి. తర్వాత లీటరు నీటికి 80 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, గోరువెచ్చగా 20 నిమిషాలకు తగ్గకుండా తడిపి ఉంచాలి. అది అంటుకున్న ఇనుమును కరిగిస్తుంది, పైపొరలో క్రోమియం పాలు పెరుగుతుంది. బాత్రూం యాసిడ్ మాత్రం స్టీలుకు వద్దే వద్దు, గుంటలు పడతాయి.

ఆ పేస్టులో నైట్రిక్‌తో పాటు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేస్తుందో నల్లగొండ వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఇది చర్మం గుండా దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. గ్లౌజులు, కళ్లద్దాలు, ముఖానికి షీల్డు, గాలాడే చోటు లేకుండా డబ్బా మూత తీయొద్దు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కనే ఉంచుకోండి. చుక్క పడినా ఎక్కువ నీళ్లతో కడిగి, జెల్ రాసి, దవాఖానకు పోవాలి. వాడిన నీళ్లను సున్నంతో విరిచేదాకా మోరీలో పోయొద్దు.

ఇంత చేసినా అతుకు మీద కాకుండా దాని పక్కన గీతలా తుప్పు వస్తుంటే, వేడికి స్టీలులోని కార్బన్ క్రోమియాన్ని లోపలే కట్టేసింది. పేస్టుతో పోయేది కాదు. ఆ భాగం కోసి 304ఎల్ రేకు వేయండి, అందులో కార్బన్ 0.03 శాతం దాటదు.

అల్యూమినియం గిన్నె నల్లబడింది

బట్టల సోడా తగిలితే అల్యూమినియం కరిగి, అందులో కలిసిన మిగతా లోహాలు నల్లగా పైన తేలతాయి. చింతపండు నీళ్లు కాచి పారబోయండి, చాలామటుకు పోతుంది.

ట్యాంకు అప్పజెప్పే ముందు ఒక పరీక్ష: చివరి కడుగుడుకు ఫిల్టరు నీళ్లే వాడండి, బోరునీళ్లలోని ఉప్పు మళ్లీ తుప్పు తెస్తుంది. తడి తెల్లగుడ్డ అతుకుల మీద ఒక రోజంతా పరిచి ఉంచండి. ఎర్రటి చుక్క రాకపోతే ట్యాంకును లారీ ఎక్కించవచ్చు.