జావా మెనూ ప్రోగ్రామ్ మొరాయిస్తుంటే: ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

జావా మొదలుపెట్టిన నెల రోజుల్లో ప్రతి ఒక్కరి చేతా ల్యాబ్‌లో ఒక మెనూ ప్రోగ్రామ్ రాయిస్తారు. బ్యాంక్ ఖాతా, లైబ్రరీ, విద్యార్థుల మార్కులు, పేరు ఏదైనా లోపల నడిచే తీరు ఒకటే. ఇక్కడ కిరాణా కొట్టు స్టాక్ ప్రోగ్రామ్‌ని తీసుకుందాం. 1 నొక్కితే కొత్త సరుకు చేర్చాలి, 2 నొక్కితే జాబితా చూపించాలి, 3 నొక్కితే పేరుతో వెతకాలి, 4 నొక్కితే బయటికి రావాలి.

జూనియర్లకు ల్యాబ్‌లో సాయం చేసిన రోజుల్లో నేను మళ్లీ మళ్లీ చూసింది ఒకటుంది. ఎర్రర్ ఏ లైన్‌లో వచ్చిందో ఆ లైన్‌నే పట్టుకుని గంటసేపు మారుస్తూ కూర్చుంటారు. తప్పు మాత్రం రెండు మూడు లైన్ల పైన ఉంటుంది. అందుకే కోడ్‌లో ఒక్క అక్షరం మార్చేముందు ఈ పని చేయండి. కీబోర్డ్ నుంచి తీసుకున్న ప్రతి విలువనూ తీసుకున్న వెంటనే చదరపు బ్రాకెట్ల మధ్య ప్రింట్ చేయించండి. పేరు ఖాళీగా వచ్చిందనుకోండి, [] అని కనిపిస్తుంది. చివర ఒక స్పేస్ అంటుకుని వచ్చిందనుకోండి, [టూర్ దాల్ ] అని కనిపిస్తుంది. బ్రాకెట్లు లేకపోతే ఈ రెండూ కంటికి ఆనవు.

సమస్య: పేరు అడగకుండానే ధర అడుగుతోంది

అన్నిటికంటే ఎక్కువమందికి వచ్చేది ఇదే. మెనూలో 1 నొక్కగానే తెరమీద "సరుకు పేరు: ధర:" అని రెండూ ఒకే వరుసలో వచ్చేస్తాయి. మీరు కంగారులో పేరు టైప్ చేస్తారు. వెంటనే ఇన్‌పుట్‌మిస్‌మ్యాచ్ ఎక్సెప్షన్ (అంకె రావాల్సిన చోట వేరేది వచ్చిందని చెప్పే ఎర్రర్) వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఎర్రర్ ధర తీసుకునే లైన్‌ని చూపిస్తుంది కాబట్టి అందరూ ధర దగ్గరే తప్పు వెతుకుతారు.

అసలు జరిగింది ఇది. మెనూ దగ్గర మీరు 1 నొక్కి ఎంటర్ కొట్టారు. అంటే ప్రోగ్రామ్‌కి రెండు వచ్చాయి: ఒక అంకె, ఒక ఎంటర్. కీబోర్డ్ నుంచి చదివే స్కానర్‌లోని నెక్స్ట్‌ఇంట్ మెథడ్ అంకెను మాత్రమే తీసుకుని ఎంటర్‌ని అక్కడే వదిలేసింది. తర్వాత పేరు కోసం పిలిచిన నెక్స్ట్‌లైన్ పని ఎంటర్ వచ్చేదాకా చదవడం. దానికి ఎదురుగా ఎంటర్ ముందే సిద్ధంగా ఉంది. ఖాళీ పేరు పట్టుకుని అది తిరిగి వచ్చేసింది. మీరు టైప్ చేసిన పేరు ధర కోసం ఎదురుచూస్తున్న నెక్స్ట్‌ఇంట్ చేతిలో పడింది.

దీనికి చాలామంది చెప్పే మందు, నెక్స్ట్‌ఇంట్ తర్వాత ఒక ఉత్త నెక్స్ట్‌లైన్ పెట్టమని. పని చేస్తుంది. కానీ ప్రోగ్రామ్ పెద్దదయ్యేకొద్దీ ఎక్కడ పెట్టామో, ఎక్కడ మరిచామో తెలియదు. నా సలహా వేరు. ప్రోగ్రామ్ మొత్తంలో నెక్స్ట్‌లైన్ ఒక్కటే వాడండి. ఏదైనా పూర్తి లైన్‌గా తీసుకోండి, ట్రిమ్‌తో అటూ ఇటూ ఉన్న స్పేస్‌లు తీసేయండి, అంకె కావాల్సిన చోట ఇంటీజర్ క్లాస్‌లోని పార్స్‌ఇంట్‌తో మార్చుకోండి. ఇక ఎంటర్ మిగిలిపోయే మాటే ఉండదు.

దీనికి తమ్ముడులాంటి సమస్య ఇంకొకటి. పేరు కోసం నెక్స్ట్‌లైన్ బదులు నెక్స్ట్ వాడితే "శనగలు" అని ఇచ్చినప్పుడు బాగానే నడుస్తుంది, "టూర్ దాల్" అని ఇస్తే పగులుతుంది. నెక్స్ట్ ఒక్క మాటే తీసుకుంటుంది. మిగిలిన "దాల్" ధర దగ్గరికి పోతుంది. పైన చెప్పిన పద్ధతితో ఇదీ పోతుంది.

సమస్య: అంకె బదులు అక్షరం కొడితే మెనూ ఆగకుండా పరుగెడుతోంది

తెరంతా "తప్పు ఎంపిక, మళ్లీ ప్రయత్నించండి" అని వందల లైన్లు దూసుకుపోతాయి. మొదటిసారి చూసినవాళ్లు కంప్యూటర్ పాడైందేమో అని టెన్షన్ పడతారు. భయం లేదు, కంట్రోల్, సి కలిపి నొక్కండి. ఎక్లిప్స్, ఇంటెల్లిజే లాంటి కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఎర్ర చదరం బటన్ నొక్కండి.

ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్ ఆగకుండా పట్టుకోవడానికి మీరు లూప్ లోపల ట్రై, క్యాచ్ పెట్టారు. మంచిదే. కానీ నెక్స్ట్‌ఇంట్‌కి అక్షరం ఎదురైతే ఎక్సెప్షన్ విసురుతుందే తప్ప ఆ అక్షరాన్ని తీసి పారేయదు. అది ఉన్నచోటే ఉంటుంది. లూప్ మళ్లీ తిరుగుతుంది, అదే అక్షరం ఎదురవుతుంది, మళ్లీ ఎక్సెప్షన్. మీకు టైప్ చేసే అవకాశమే రాదు.

నెక్స్ట్‌ఇంట్‌తోనే ఉండాలనుకుంటే క్యాచ్ లోపల ఒక నెక్స్ట్‌లైన్ పిలిచి ఆ చెత్త లైన్‌ని తీసేయాలి. లైన్ చదివి పార్స్‌ఇంట్ చేసే పద్ధతికి మారిపోయి ఉంటే ఈ బాధ రాదు, ఎందుకంటే మార్చేముందే లైన్ మొత్తం చదవడం అయిపోయింది. అప్పుడు పట్టుకోవాల్సింది నంబర్‌ఫార్మాట్ ఎక్సెప్షన్‌ని. ఊరికే ఎంటర్ కొట్టినా అదే వస్తుంది, దాని సందేశం చివర ఖాళీ కొటేషన్లు కనిపిస్తాయి. అవి కనిపిస్తే వచ్చింది ఖాళీ లైన్ అని అర్థం.

సమస్య: మొదటిసారి నడిచింది, రెండోసారి నోసచ్‌ఎలిమెంట్ ఎక్సెప్షన్

సరుకు చేర్చే మెథడ్‌లో ఒక కొత్త స్కానర్ చేసి, పని కాగానే దాన్ని క్లోజ్ చేసి ఉంటారు. స్కానర్‌ని క్లోజ్ చేస్తే దాని వెనకున్న సిస్టమ్ డాట్ ఇన్ (కీబోర్డ్ ఇన్‌పుట్ వచ్చే దారి) కూడా మూసుకుపోతుంది. ఆ తర్వాత ఎన్ని కొత్త స్కానర్లు చేసినా ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. స్కానర్‌ని ట్రై పక్కన బ్రాకెట్లలో రాసినా, పని కాగానే జావాయే దాన్ని మూసేస్తుంది కాబట్టి ఇదే జరుగుతుంది, అక్కడ క్లోజ్ అన్న మాట కనిపించదు కాబట్టి పట్టుకోవడం ఇంకా కష్టం.

ఇందులో నేర్చుకునేవాళ్ల తప్పు తక్కువ. స్కానర్ మూయలేదని ఎక్లిప్స్ పసుపు గీత గీసి హెచ్చరిస్తుంది, మంచి పిల్లలు దాని మాట విని మూస్తారు. కీబోర్డ్ స్కానర్ విషయంలో ఆ హెచ్చరికను పక్కన పెట్టండి. మెయిన్‌లో ఒక్క స్కానర్ చేయండి, దాన్నే ప్రతి మెథడ్‌కీ పంపండి.

మూయకపోయినా సరే, ఒకటికంటే ఎక్కువ స్కానర్లు వద్దు. చేతితో టైప్ చేస్తే తేడా తెలియదు. ఆన్‌లైన్ పరీక్షలో ఇన్‌పుట్ అంతా ఒకేసారి వస్తుంది. మొదటి స్కానర్ తనకు కావాల్సినదానికంటే ఎక్కువే ముందుగా లాగేసుకుని తన దగ్గర పెట్టుకుంటుంది, రెండోదానికి ఏమీ మిగలదు. "నా ల్యాప్‌టాప్‌లో వచ్చింది, అక్కడ రాలేదు" అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇదే.

సమస్య: 1 నొక్కితే 2, 3 కూడా నడుస్తున్నాయి, 4 నొక్కితే బయటికి రావడం లేదు

రెండింటికీ కారణం బ్రేక్, కానీ ఎదురెదురు దిక్కుల్లో. మొదటిదాంట్లో కేస్ చివర బ్రేక్ లేదు, అందుకే కిందికి జారిపోతోంది. రెండోదాంట్లో బ్రేక్ ఉంది, కానీ అది స్విచ్ నుంచి మాత్రమే బయటికి తెస్తుంది, చుట్టూ ఉన్న వైల్ లూప్ నుంచి కాదు.

జావా 14 లేదా ఆ తర్వాతిది వాడుతుంటే కేస్ పక్కన కోలన్ బదులు బాణం గుర్తు పెట్టి రాయండి. జారిపోవడం ఉండదు, బ్రేక్ అక్కర్లేదు. బయటికి రావడానికి ఎంపిక 4 కానంత వరకు తిరిగే డూవైల్ సరిపోతుంది. ఎంపిక వేరియబుల్‌ని డూ బ్లాక్ బయట ప్రకటించండి. లోపల ప్రకటిస్తే కింద ఉన్న షరతుకు అది కనిపించదు, కంపైలర్ ఒప్పుకోదు.

ఏది నొక్కినా "తప్పు ఎంపిక" అనే వస్తుంటే ఎంపికను క్యారెక్టర్‌గా చదువుతున్నారేమో చూడండి. క్యారెక్టర్ '1' విలువ 49. కేస్ 1 దానికి సరిపోదు.

4ను మూడు నాలుగుసార్లు నొక్కితేగానీ ప్రోగ్రామ్ ముగియడం లేదంటే, ప్రతి పని చివరా మెనూ మెథడ్‌ని మళ్లీ పిలుస్తున్నారన్నమాట. ఒకదాని లోపల ఒకటి మెనూలు పేరుకుపోయాయి, ఒక్కొక్కటీ విడివిడిగా ముగియాలి. ఆ పిలుపులు తీసేసి లూప్ పెట్టండి.

సమస్య: సరుకు జాబితాలో ఉంది, వెతికితే దొరకడం లేదు

పేర్లను రెండు సమాన గుర్తులతో పోలుస్తున్నారు. ఆ గుర్తు రెండూ ఒకే ఆబ్జెక్టా అని అడుగుతుంది, అక్షరాలు ఒకటేనా అని కాదు. ఈక్వల్స్ వాడండి. పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాల తేడా పట్టించుకోకూడదంటే ఈక్వల్స్‌ఇగ్నోర్‌కేస్ ఉంది.

సరుకు కోడ్‌లను ఇంటీజర్ ఆబ్జెక్టులుగా అర్రేలిస్ట్‌లో (చేర్చేకొద్దీ పెరిగే జాబితాలో) పెట్టి అదే గుర్తుతో పోల్చినా దెబ్బ తగులుతుంది, కానీ ఆలస్యంగా. మైనస్ 128 నుంచి 127 వరకు ఉన్న విలువలకు జావా ఒకే ఆబ్జెక్టును మళ్లీ మళ్లీ ఇస్తుంది. కాబట్టి 127వ కోడ్ దొరుకుతుంది, 128వది దొరకదు. పది సరుకులతో పరీక్షించినవాళ్లకు ఇది ఎప్పటికీ కనిపించదు.

సమస్య: చేర్చిన సరుకు జాబితాలో కనిపించడం లేదు

అర్రేలిస్ట్‌ని లూప్ లోపల సృష్టిస్తున్నారు. ప్రతి తిరుగుడుకీ కొత్త ఖాళీ జాబితా వస్తోంది. ఆ లైన్‌ని లూప్ పైకి జరపండి. ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరిస్తే సరుకులు లేకపోవడం మాత్రం తప్పు కాదు. అవి మెమరీలో మాత్రమే ఉన్నాయి, నిలవాలంటే ఫైల్‌లో రాయాలి.

బాగుచేశాక ఒకే రన్‌లో ఈ వరుస ఇచ్చి చూడండి: మెనూ దగ్గర అక్షరం, తర్వాత ఉత్త ఎంటర్, తర్వాత 9, తర్వాత రెండు మాటల పేరున్న సరుకు, వెంటనే మళ్లీ 1 నొక్కి ఇంకో సరుకు, ధర దగ్గర అక్షరం, చివర స్పేస్ ఉన్న పేరుతో వెతుకులాట, జాబితా, 4. ఒక్కసారి నొక్కిన 4తో ప్రోగ్రామ్ ముగిసిందంటే బ్రాకెట్ల ప్రింట్‌లు తీసేసి సబ్మిట్ చేయవచ్చు.